అర్ధరాత్రి రెండింటికి ఆ చోటు ఎలా ఉంటుంది?

ప్రశ్న: మాది బరంపురం. క్రిస్మస్ సెలవుల్లో రెండు రాత్రులు ఎక్కడికైనా వెళ్ళి టెంటు వేసుకుని ఉందామని ఇంట్లో అనుకుంటున్నాం. మా వారు ఆన్‌లైన్లో నలుగురు పట్టే టెంటు కొనేశారు. గోపాల్‌పూర్ దాటాక ఏదో ఒక ఖాళీ బీచ్‌లో, అదీ పౌర్ణమి చూసుకుని, అలల పక్కనే వేద్దామంటారు. జయపురంలో ఉండే మా మరిది, "సముద్రం రోజూ చూసేదే కదా వదినా, దేవమాలి కొండ మీద వేద్దాం, పొద్దున్నే మేఘాలు కాళ్ళ కింద ఉంటాయి" అంటాడు. మాకు తొమ్మిదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప. అత్తగారికి అరవై ఎనిమిది. మోకాళ్ళ నొప్పులు, రాత్రి రెండు మూడు సార్లు లేవాలి. ఆవిడా వస్తానంటున్నారు. నాకేమో పాములు, తుఫాను, దొంగలు అన్నీ గుర్తొచ్చి ఒకటే టెన్షన్. అలాగని పిల్లల సరదా పాడు చేయాలనీ లేదు. చోటు ఎలా ఎంచుకోవాలి?
— ఒక ఇల్లాలు, బరంపురం

సమాధానం:

మీ ఇంట్లో అన్నదమ్ములిద్దరూ పగటిపూట తీసిన ఫొటోలు చూసి చోటు ఎంచుకుంటున్నారమ్మా. టెంటులో గడిపేదేమో రాత్రి. అందుకే ఎవరు ఏ చోటు చెప్పినా మీరు అడగాల్సింది ఒకటే: అర్ధరాత్రి రెండింటికి అత్తగారు లేచి బయటికి వెళ్ళాలంటే అక్కడ ఎలా ఉంటుంది? దీనికి సరైన జవాబు ఉన్న చోట మీరు భయపడుతున్నవాటిలో చాలావాటికి కూడా జవాబు దొరుకుతుంది.

ముందు మీ వారి పౌర్ణమి సంగతి చూద్దాం. వెన్నెల్లో సముద్రం బాగుంటుంది, కాదనను. కానీ అలల పక్కన పడుకోవడానికి నెల మొత్తంలో పనికిరాని రోజులంటూ ఉంటే అవి పౌర్ణమి, అమావాస్యలు. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలోకి వచ్చి నీటిని లాగుతాయి కాబట్టి ఆ రోజుల్లో, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో పోటు మామూలుకన్నా ఎక్కువగా ఉంటుంది. అష్టమి దగ్గర తక్కువ. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఆటు నుంచి పోటుకి సుమారు ఆరు గంటలు పడుతుంది. మీరు సాయంత్రం నాలుగింటికి వెళ్ళేసరికి ఆటు ఉందనుకోండి. ఎంత దూరమో పొడి ఇసుక కనిపిస్తుంది, "ఇక్కడికి నీళ్ళెందుకు వస్తాయి" అనుకుని టెంటు వేసేస్తారు. పిల్లలు పడుకునే వేళకి, పదింటికల్లా, నీళ్ళు గుమ్మంలో ఉంటాయి. ఇసుక వాలు తక్కువగా ఉన్నచోట నీటి మట్టం అడుగు పెరిగిందంటే అల బారెడు బారెడు పైకి వచ్చేస్తుంది. పోటు వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి నిన్న ఎవరో చెప్పిన టైము ఇవాళ పనికిరాదు.

ఎక్కడిదాకా నీళ్ళు వస్తాయో ఇసుకే చెబుతుంది. అలల వైపు నుంచి పైకి నడుచుకుంటూ రండి. మొదట తడి నాచు, గవ్వలు, వల నుంచి ఊడిన థర్మోకోల్ ముక్కలు, కొబ్బరి పీచు ఒక గీతలా పడి ఉంటాయి. అది ఇవాళ్టి పోటు గుర్తు. ఇంకాస్త పైన అలాంటిదే మరో గీత, ఎండి తెల్లబడి ఉంటుంది. అది పెద్ద పోటుది. దానికీ పైన, మేక గిట్టలా చీలిన ఆకులు, ఊదా రంగు పూలు ఉన్న తీగ ఇసుక మీద పాకి కనిపిస్తుంది. ఆ తీగ దట్టంగా అల్లుకున్న చోటికి సముద్రం మామూలు రోజుల్లో రాదు. మీ టెంటు ఆ తీగకి ఊరి వైపున ఉండాలి, సముద్రం వైపున కాదు. పక్కనే గుండ్రంగా, బంతిలా ముళ్ళ గడ్డి దొర్లుతుంటుంది, రావణాసురుడి మీసాలంటారు. దాని మీద టెంటు పరిచారంటే అడుగు గుడ్డకి చిల్లులే. మొగలి పొదలకి కూడా దూరంగా ఉండండి. గంజాం మొగలి అత్తరుకి దేశమంతా పేరున్నమాట నిజమే, కానీ ఆ పొదల అడుగున ఏముందో టార్చి వేసినా కనపడదు.

నది సముద్రంలో కలిసే చోట్లు చూడ్డానికి ఇంకా అందంగా ఉంటాయి. ఒక పక్క అలలు, ఒక పక్క నిలకడ నీళ్ళు, మధ్యలో ఇసుక దిబ్బ. మీ వారు అక్కడే వేద్దామంటారు చూడండి. వద్దనండి. ఆ దిబ్బ ఇవాళ ఉన్నచోట వచ్చే ఏడాది ఉండదు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు ఎన్నిసార్లు పక్కకి జరిగిందో అక్కడి వాళ్ళని అడిగితే చెబుతారు. ఆ పక్కనే పొడంపేట కోతకి గురై జనం ఇళ్ళు వదిలి లోపలికి తరలిపోయారు. ఇంకో కారణం కూడా ఉంది. ఋషికుల్య ఒడ్డు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేల సంఖ్యలో వచ్చి గుడ్లు పెట్టే చోటు. ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిల్లో వస్తాయి. నెలన్నర దాటాక పిల్లలు బయటికొచ్చి వెలుగున్న వైపు పాకుతాయి. ఒడ్డున మీ లాంతరు వెలుగుతుంటే సముద్రం వదిలేసి మీ దగ్గరికే వస్తాయి. కాబట్టి డిసెంబరులో కాకపోయినా, వేసవి సెలవులకి ముందు మళ్ళీ ఇలాంటి ప్లాన్ వేస్తే ఆ వైపు టెంటు మాట ఎత్తొద్దు. అటవీ శాఖ వాళ్ళు పెట్టిన హద్దుల బయటి నుంచి చూసి వచ్చేయండి.

తుఫాను గురించి అడిగారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. బరంపురం వాళ్ళకి ఆ రాత్రి గురించి నేను చెప్పేదేముంది. మన వైపు తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో, మళ్ళీ వేసవిలో వస్తాయి. డిసెంబరు ఆఖరికి ఆ బెడద బాగా తగ్గుతుంది. అయినా బయల్దేరే ముందు రోజు వాతావరణ శాఖ బులెటిన్, ఎత్తైన అలల గురించి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే హెచ్చరిక, రెండూ చూడండి. వాన లేకపోయినా దూరాన ఎక్కడో పుట్టిన అలలు మన ఒడ్డుకి రాగలవు.

ఇక మనుషుల సంగతి. "ఖాళీ బీచ్" అనే మాటే నాకు నచ్చలేదు. ఖాళీగా ఉందంటే అరిచినా ఎవరూ రారని అర్థం. గంజాం తీరం పొడుగునా ఉన్న జాలరి పల్లెల్లో చాలాచోట్ల మాట్లాడేది మన తెలుగే. ఒడియా వాళ్ళు నోలియాలనేది వీళ్ళనే. భాష అడ్డం లేదు కదా, పగలే ఊళ్ళోకి వెళ్ళి పెద్దమనిషి ఎవరో కనుక్కుని, "మేం కుటుంబంతో ఒక రాత్రి ఉండాలి, ఎక్కడ వేసుకోమంటారు" అని అడగండి. వాళ్ళు చూపించే చోటు మీ కంటికి అంతగా ఆనకపోవచ్చు. అయినా అక్కడే వేయండి. పడవలు ఎక్కడ దించుతారో, తెల్లవారకుండానే అలివి వల తాళ్ళు ఎక్కడ లాగుతారో, మందు పార్టీలు ఎక్కడ జరుగుతాయో వాళ్ళకి తెలుసు, మీకు తెలియదు. తెల్లవారుజామున నాలుగింటికి ఇరవై మంది తాడు పట్టుకుని మీ టెంటు మీదుగా వస్తే తప్పు వాళ్ళది కాదు. దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లో కూడా ఒక మాట చెప్పండి. రాత్రి పూట బీచ్‌లో ఉండనివ్వని చోట్లు ఉంటాయి, పదకొండింటికి లేపి పంపించేస్తే అత్తగారితో ఎక్కడికి పోతారు?

పిల్లల్ని మాత్రం ఆ సముద్రంలో దింపొద్దు. గోపాల్‌పూర్ వైపు అల ఒడ్డు దగ్గరే విరిగి బలంగా వెనక్కి గుంజుతుంది. రెండు పక్కలా అలలు నురగ కక్కుతూ మధ్యలో ఒకచోట మాత్రం నీళ్ళు నిమ్మళంగా కనిపిస్తే, "ఇక్కడ బాగుంది" అని దిగేది అక్కడే. నీళ్ళు లోపలికి లాక్కుపోయేదీ అక్కడే.

ఇప్పుడు మీ మరిది కొండ. దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. మేఘాల మాట అబద్ధం కాదు. కానీ వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. డిసెంబరు తెల్లవారుజామున బరంపురంలో పదిహేను ఉందంటే ఆ శిఖరం మీద నాలుగైదుకి దిగొచ్చు. పైగా అది చెట్టూ చేమా పెద్దగా లేని గడ్డి కొండ, గాలికి అడ్డు ఉండదు. ఆన్‌లైన్లో కొన్న టెంటు ఆ గాలికి రాత్రంతా టపటపా కొట్టుకుంటుంటే ఐదేళ్ళ పాప నిద్రపోతుందా? చలికి తట్టుకోలేక ఎవరో ఒకరు కుంపటి లోపలికి తెస్తారు. అది మాత్రం ఎవరు తెచ్చినా ఒప్పుకోకండి. మూసిన టెంటులో బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది. గ్యాస్ స్టవ్ అయినా అంతే.

కొండ ప్రాంతమే కావాలనుకుంటే శిఖరం మీద కాకుండా కాస్త కిందికి, గాలి తగలని వైపున, ఏదో ఒక ఊరి పంచన వేసుకోవాలి. అలాగని మరీ లోయ అడుగుకి దిగొద్దు, రాత్రి చల్లగాలి జారి అక్కడే నిలుస్తుంది. వాగు ఒడ్డు కూడా వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం పోయారు, గుర్తుందా? తీరం దాటింది పలాస దగ్గర, ప్రాణాలు ఎక్కువగా పోయింది కొండల్లో. డిసెంబరులో అంత వాన ఉండదు కానీ నేలని చూసే పద్ధతి ఏ నెలలోనైనా ఒకటే. వాగులో ఎండిన చెత్త కొమ్మలకి ఎంత ఎత్తున చిక్కుకుని ఉందో చూడండి. నీళ్ళు ఒకనాడు అంతదాకా వచ్చాయన్నమాట.

కొండల్లో మరో సంగతి, చుట్టూ ఉన్న చెట్లు. రేగు పొదలు, పుట్టలు ఉన్నచోట ఎలుగుబంటి తిరుగుతుంది. చలికాలంలో దానికి రేగుపళ్ళు, చెదపురుగులే తిండి. వేసవికైతే ఇప్పపూలు, జీడిమామిడి, పనస. ఉద్దానం తోటల వాళ్ళని అడగండి, ఏ నెలలో ఏ చెట్టు కింద పడుకోకూడదో వరసగా చెబుతారు. పుట్టలో పాము ఉంటుందో లేదో గానీ, పుట్ట పక్కన టెంటు వేయకూడదన్నది మాత్రం నాగుల చవితికి పాలు పోసే ప్రతి ఇంట్లోనూ తెలిసిన విషయమే. ఏనుగులు తిరిగే దారులు కూడా గంజాం, గజపతి అడవుల్లో ఉన్నాయి. వాటి సంగతి ఫారెస్టు గార్డుని అడగాల్సిందే. ఎలాగూ రిజర్వు ఫారెస్టులో రాత్రి ఉండాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి కదా, ఆ అనుమతి కోసం వెళ్ళినప్పుడే ఏనుగుల మాటా అడిగేయండి.

పాముల కన్నా నేను ఎక్కువ జాగ్రత్త చెప్పేది పొదల అంచు గురించి. గడ్డీ పొదలూ కలిసే చోట కంటికి ఆనని పురుగులుంటాయి, అవి కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్ల పొక్కు కడుతుంది, అదీ అందరికీ కనపడదు. కోరాపుట్, రాయగడ, గజపతి వైపు మలేరియా కూడా ఉంది. కాబట్టి పొదలకి నాలుగు బారలు ఇవతల, బట్టనేల మీద టెంటు వేయండి, జిప్పు ఎప్పుడూ మూసి ఉంచండి, బట్టలు పొదల మీద ఆరేయొద్దు. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో ఎవరికైనా జ్వరం వస్తే డాక్టరుకి "మేం ఫలానా చోట బయట పడుకున్నాం" అని ముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో ఏ పరీక్ష చేయాలో ఆయనకి తెలుస్తుంది. పాము కాటు వేస్తే మాత్రం కోయడం, కట్టడం, పసరు మందు ఏదీ వద్దు, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి. బరంపురం చుట్టుపక్కలైతే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. మీరు ఎంచుకున్న చోటి నుంచి అక్కడికి ఎంతసేపు పడుతుందో, ఆ చోట ఫోన్ సిగ్నల్ ఉందో లేదో పగలే చూసుకోండి. గజపతి కొండల్లో ఒక మలుపులో ఉన్న సిగ్నల్ తర్వాతి మలుపులో ఉండదు.

ఇంత చదివాక "అయితే మానేయమంటారా" అంటారేమో. అక్కర్లేదు. మీ కుటుంబానికి నేను చెప్పే చోటు రంభ. బరంపురం నుంచి హైవే మీద దగ్గరే, రైలు స్టేషను కూడా ఉంది. చిలికా సరస్సు దక్షిణపు కొస అది. సముద్రంలా విరుచుకుపడే అలలుండవు, ఆ కొసన ఆటుపోట్ల తేడా కూడా పెద్దగా తెలియదు. డిసెంబరులో చిలికా నిండా వలస పక్షులే. ఒడిశా పర్యాటక సంస్థ పాంథనివాస్ నీటి పక్కనే ఉంది. అక్కడ అత్తగారికి ఒక గది తీసుకోండి. అదే ఆవరణలో టెంటు వేసుకోనిస్తారేమో ఫోన్ చేసి అడగండి. కాదంటే దగ్గర్లోని ప్రైవేటు లాడ్జీల్లో లాన్ ఉన్నవాళ్ళని అడగండి. గది ఉంటే అత్తగారికి కమోడు, వేణ్ణీళ్ళు, మంచం దొరుకుతాయి. పిల్లలకి టెంటు దొరుకుతుంది. రాత్రి పాప ఏడ్చి పేచీ పెడితే ఎత్తుకుని గదిలోకి వెళ్ళిపోవచ్చు. ఇది అసలు క్యాంపింగే కాదని మీ మరిది వెక్కిరిస్తాడు. వెక్కిరించనివ్వండి. మొదటిసారికి ఇదే చాలు.

అక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోండి. పడవ వాళ్ళు "దీవి మీద దింపుతాం, రాత్రి ఉండి పొద్దున్నే రండి" అనొచ్చు. వద్దనండి. పడవ వెళ్ళిపోయాక అక్కడి నుంచి బయటపడే దారి లేదు. పక్షుల అభయారణ్యమైన నలబణ దీవిలో అయితే దిగనే దిగకూడదు.

సముద్రం లేనిదే మీ వారి మనసు ఒప్పుకోకపోతే, పటి సోనాపూర్ వైపు చూడండి. ఇచ్ఛాపురం సరిహద్దు దగ్గర, బాహుదా నది కలిసే చోటు. అక్కడా ఇందాక చెప్పినట్టే, ఇసుక దిబ్బ మీద కాదు, ఊరి పక్కన. పర్యాటక శాఖ కొన్నేళ్ళుగా చలికాలంలో ఎకో రిట్రీట్ పేరుతో అక్కడా, కోరాపుట్ జిల్లాలోని పుత్సిల్‌లోనూ టెంట్లు వేయించి అద్దెకిస్తోంది. మంచాలు, బాత్రూములు అన్నీ ఉంటాయి. ధర మాత్రం మధ్యతరగతి వాళ్ళం రెండుసార్లు ఆలోచించేటట్టే ఉంటుంది. ఈ ఏడాది ఎక్కడెక్కడ పెడుతున్నారో ముందే చూసుకోండి.

సొంత టెంటే వేస్తామంటే ఇసుకలో మామూలు మేకులు నిలవవని మీ వారికి చెప్పండి. చిన్న సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోకాలి లోతున పాతిపెట్టాలి. టెంటు తలుపు గాలి వచ్చే వైపుకి పెట్టొద్దు. సరుగుడు తోట అంచున వేస్తే గాలీ మంచూ రెండూ తగ్గుతాయి, కాకపోతే తల మీద ఎండు కొమ్మ వేలాడుతోందేమో ముందు పైకి చూడాలి. తోటకి యజమాని ఉంటాడు, అది కూడా అడగాలి. ఇక నలుగురి టెంటు అంటే నలుగురు అగ్గిపుల్లల్లా సర్దుకుని పడుకునే టెంటు. బ్యాగులతో కలిపి మీ నలుగురికే ఇరుకు, అత్తగారికి అందులో చోటు లేనే లేదు.

బయల్దేరే ముందు ఒక శనివారం రాత్రి మీ మేడ మీద ఆ టెంటు వేసి పిల్లల్ని పడుకోబెట్టండి. జిప్పు ఎక్కడ పట్టేస్తుందో, తెల్లారేసరికి లోపలి గుడ్డ మంచుకి ఎంత తడుస్తుందో, పాప చీకట్లో ఎంతసేపు ఉంటుందో ఇంటి దగ్గరే తేలిపోతుంది. రంభలో గది మాత్రం ఇప్పుడే చూసుకోండి. క్రిస్మస్ నుంచి జనవరి ఒకటి దాకా కలకత్తా వాళ్ళు, భువనేశ్వర్ వాళ్ళు అంతా అటే వస్తారు. ఆ వారం దొరక్కపోతే సంక్రాంతి సెలవులకి మార్చుకోండి, పక్షులు అప్పటికీ అక్కడే ఉంటాయి.